గేదెకు కుదిరింది గుర్రానికి కుదరదు
ఘనీభవించిన వీర్యం ఉంటే గేదెలకు చేసినట్టే గుర్రాలకూ ఊళ్లోనే కృత్రిమ గర్భధారణ చేయించవచ్చన్న మాట నేను ఒప్పుకోను. హనుమకొండలో పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని తిప్పే మా బాబాయి రెండేళ్లు ప్రయత్నించాడు. గేదె ఎదకొస్తే గోపాలమిత్ర (ఊళ్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే కార్యకర్త) బండి మీద వచ్చి పది నిమిషాల్లో పని ముగించి వెళతాడు. ఆడగుర్రానికి ఎద ఐదారు రోజులు సాగుతుంది, అండం విడుదలయ్యేది చివర్లో. కరిగించిన వీర్యమేమో కొన్ని గంటలే పనిచేస్తుంది. అంటే అండం ఎప్పుడు విడుదలవుతుందో పట్టుకోవడానికి రాత్రీ పగలూ వరుసగా స్కానింగులే. డప్పుల మోతకు చెవి కూడా కదపని గుర్రం, స్కానింగుకని వ్యాను ఎక్కించేసరికి బెదిరి రెండు రోజులు మేత ముట్టలేదు. రాజస్థాన్‌లోని బికనీర్‌ అశ్వ పరిశోధన కేంద్రంలో 2023లో పిండ మార్పిడితో (ఒక గుర్రం పిండాన్ని మరో గుర్రం గర్భంలో పెట్టి) మార్వాడీ జాతి గుర్రపు పిల్ల పుట్టిందంటే, అక్కడ గుర్రాలూ ప్రయోగశాలా ఒకే ఆవరణలో ఉన్నాయి మరి.