పక్క కుర్చీలో 30 ఏళ్లు

1997 అక్టోబర్ 9న డీన్ స్మిత్ రిటైర్ అవుతున్నట్టు ప్రకటించారు. నార్త్ కరోలినా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకు 36 సీజన్లు కోచ్‌గా ఉండి 879 మ్యాచ్‌లు గెలిపించిన మనిషి. మగవాళ్ల కాలేజీ బాస్కెట్‌బాల్ పై స్థాయిలో అప్పటికి అదే రికార్డు. అయితే ఆయన తప్పుకోవడం ఒక వింతైతే, తప్పుకున్న వేళ ఇంకో వింత. అక్కడ సీజన్ ముగిసేది మార్చి, ఏప్రిల్‌లలో. పాత కోచ్‌లు దిగిపోయేదీ, కొత్తవాళ్ల కోసం వేట మొదలయ్యేదీ అప్పుడే. అప్పట్లో అక్టోబర్‌లో ప్రాక్టీస్ మొదలయ్యేది. మరికొన్ని రోజుల్లో కోర్టులోకి దిగాల్సిన జట్టు, దేశమంతా గాలించి కోచ్‌ను తెచ్చుకోలేదు. పక్కనున్నవాళ్లకే ఇవ్వాలి. ఆ పక్కనున్నాయన అసిస్టెంట్ కోచ్ బిల్ గత్రిజ్. వయసు 60. స్మిత్ పక్క కుర్చీలో కూర్చోవడం మొదలై అప్పటికి 30 ఏళ్లు.

గత్రిజ్‌కు పదవి దక్కాలనే స్మిత్ కావాలని ఆ వేళ చూసుకున్నారని అప్పట్లో చాలామంది అన్నారు. నేనూ అదే అనుకుంటాను. అలా అనుకుంటే మాత్రం ఒక ఇబ్బందికరమైన సంగతి ఒప్పుకోక తప్పదు. 30 ఏళ్లు ఒకే చోట, ఒకే పని, అందరూ మెచ్చేలా చేసిన మనిషికి ప్రమోషన్ రావాలంటే, వేరేవాళ్లను వెతికే వ్యవధి యాజమాన్యానికి లేకుండా చేయాల్సి వచ్చింది.

బుర్రకథ చూసినవాళ్లకు వంతల సంగతి చెప్పనక్కర్లేదు. కథకుడికి అటొకరు, ఇటొకరు డక్కీలు పట్టుకుని నిలబడతారు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు ఊపిరి పీల్చుకునే సందులో తాళం జారకుండా చూసేది వాళ్లే. ఊళ్లో అంటించే కాగితం మీద మాత్రం ‘ఫలానా వారి దళం’ అనే ఉంటుంది. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అసిస్టెంట్ కోచ్ బతుకు దాదాపు ఇదే. కాకపోతే ఇక్కడి వంతకు కథకు కావాల్సిన మనుషుల్ని వెతికి తెచ్చే పూచీ కూడా ఉంటుంది.

ఆ ‘వెతికి తేవడం’ దగ్గర కాస్త ఆగాలి. కాలేజీ జట్టుకు వేలం ఉండదు, జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ఉండదు. పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లను హైస్కూల్ జిమ్‌లలో, వేసవి టోర్నమెంట్లలో చూసి పెట్టుకోవాలి. తల్లితో, స్కూల్ కోచ్‌తో మాట్లాడాలి. ఒక్కో కుర్రాడి వెంట రెండేళ్లు, మూడేళ్లు తిరగాలి. చివర్లో హెడ్ కోచ్ వచ్చి సోఫాలో కూర్చుని ఒక గంట మాట్లాడి వెళ్తారు. కుర్రాడు సంతకం పెడతాడు, పేపర్లో హెడ్ కోచ్ ఫొటో వస్తుంది. దీనికి తోడు రాబోయే ప్రత్యర్థుల వీడియోలు ముందేసుకుని ఎవరు ఎటు తిరుగుతారో, ఎవరి చేతికి బంతి అందకూడదో రాసి ఇవ్వడం, ప్రాక్టీస్‌లో పొడుగాటి ఆటగాళ్లనో, బంతిని నడిపే గార్డులనో విడిగా తీర్చిదిద్దడం, పొద్దున క్లాసుకు వెళ్లారో లేదో కనుక్కోవడం. నార్త్ కరోలినాలో బాస్కెట్ కింద ఆడే పొడుగాటి ఆటగాళ్లు, షూటింగ్ గత్రిజ్ చూసుకునేవారు.

కాన్సాస్ రాష్ట్రంలోని పార్సన్స్ ఆయన పుట్టిన ఊరు. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో టెక్స్ వింటర్ దగ్గర ఆడారు, తర్వాత ఆయన దగ్గరే అసిస్టెంట్‌గా పనిచేశారు. 1967లో స్మిత్ పిలిస్తే నార్త్ కరోలినా యూనివర్సిటీ ఉన్న చాపెల్ హిల్ వచ్చారు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌కు స్మిత్ అమెరికా జట్టు కోచ్‌గా వెళ్తే అక్కడా అసిస్టెంట్ గత్రిజే. బంగారు పతకంతో తిరిగొచ్చారు. 1982లో మైఖేల్ జోర్డాన్ ఆఖరి షాట్‌తో టైటిల్ గెలిచిన రాత్రి, 1993లో మళ్లీ గెలిచిన రాత్రి కూడా ఆ బెంచీ మీదే ఉన్నారు.

బయటి నుంచి పిలుపులు రాలేదని కాదు. 1978లో పెన్ స్టేట్ యూనివర్సిటీ హెడ్ కోచ్ పదవి ఇస్తామంటే ఒప్పుకొని, చివరి నిమిషంలో మనసు మార్చుకొని వెనక్కి వచ్చేశారు. అదే ఏడాది చాపెల్ హిల్‌లో రాయ్ విలియమ్స్ అనే కుర్ర స్కూల్ కోచ్ పార్ట్ టైమ్ అసిస్టెంట్‌గా చేరారు. ఏడాదికి 2,700 డాలర్లు. ఇల్లు గడవక జట్టు క్యాలెండర్లు అమ్మారు, స్మిత్ టీవీ షో టేపుల్ని సొంత కారులో స్టేషన్లకు చేరవేశారు. పదేళ్ల తర్వాత, 1988లో, అక్కడి నుంచే కాన్సాస్ యూనివర్సిటీ హెడ్ కోచ్‌గా వెళ్లారు. ఒకరు వెళ్లిపోవడం, ఒకరు ఉండిపోవడం అన్న తేడాను అమెరికా క్రీడా పత్రికలు ఎప్పుడూ ఒకే తక్కెడలో తూచాయి: విలియమ్స్ ఎదిగారు, గత్రిజ్ ఆగిపోయారు. మొదటిది నిజం. రెండోది నేను ఒప్పుకోను.

ఎందుకో మైదానమే చెప్పింది. హెడ్ కోచ్‌గా మొదటి సీజన్‌లో గత్రిజ్ జట్టు 34 గెలిచి 4 ఓడింది. తొలి ఏడాదిలోనే 34 మ్యాచ్‌లు గెలిచిన కోచ్, కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో అంతకుముందు లేరు. ఐదుగురు దిగాల్సిన చోట తన దగ్గర ఆరుగురు సమఉజ్జీలున్నారని చెప్పి, ఆరుగురినీ వంతులవారీగా మొదటి ఐదుగురిలో ఆడించారు. ఆంటాన్ జేమిసన్, విన్స్ కార్టర్ లాంటి తారలున్న జట్టులో ఇలాంటి పని చేయాలంటే ఆటగాళ్ల అహం ఎక్కడ మొదలవుతుందో బాగా తెలిసినవాళ్లే చేయాలి. ఆ జట్టు జాతీయ టోర్నమెంట్‌లో ఫైనల్ ఫోర్ (సెమీఫైనల్స్) దాకా వెళ్లి, యూటా చేతిలో 65-59 తేడాతో ఓడింది.

అంతకుముందు రికార్డు ఎవరిదో చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. 1978-79లో ఇండియానా స్టేట్ హెడ్ కోచ్ బాబ్ కింగ్ సీజన్ ముందు అనారోగ్యంతో తప్పుకుంటే, అసిస్టెంట్ బిల్ హాడ్జెస్‌ను కూర్చోబెట్టారు. వరసగా 33 గెలిచి, మ్యాజిక్ జాన్సన్ ఆడిన మిషిగన్ స్టేట్ చేతిలో ఫైనల్ ఒక్కటే ఓడారు. 1989లో మిషిగన్ యూనివర్సిటీది మరీ విచిత్రం. హెడ్ కోచ్ బిల్ ఫ్రీడర్ వేరే యూనివర్సిటీకి వెళ్లేందుకు ఒప్పుకున్నారని తెలిసి, క్రీడా విభాగం డైరెక్టర్ బో షెంబెక్లర్ ఆయన్ను జాతీయ టోర్నమెంట్‌కు రోజుల ముందు పక్కన పెట్టేశారు. అసిస్టెంట్ స్టీవ్ ఫిషర్ జట్టును తీసుకుని ఆరుకు ఆరు గెలిచి టైటిల్ తెచ్చారు. ఫైనల్లో సీటన్ హాల్ మీద ఓవర్‌టైమ్‌లో 80-79.

ఒకటి జబ్బు వల్ల, ఒకటి అలక వల్ల, ఒకటి స్మిత్ ఎత్తుగడ వల్ల. మూడు చోట్లా యాజమాన్యం చేతిలో టైమ్ లేదు. టైమ్ ఉండి ఉంటే ఈ ముగ్గురిలో ఎంతమందికి పదవి దక్కేదో ఊహించుకోవచ్చు.

‘తయారైన జట్టు చేతికొస్తే ఎవరైనా గెలుస్తారు’ అనేది దీనికి ఎప్పుడూ వచ్చే జవాబు. అందులో కొంత నిజముంది. తర్వాతి ఏళ్లలో హాడ్జెస్ ఇండియానా స్టేట్‌లో నిలబడలేకపోయారు కూడా. కానీ ఆ జట్టును తయారు చేసిందెవరు? ఆ జట్టుకు ప్రాణమైన లారీ బర్డ్ ఇండియానా యూనివర్సిటీ వదిలేసి సొంతూరు ఫ్రెంచ్ లిక్‌లో మునిసిపాలిటీ పనులు చేసుకుంటుంటే, ఆ ఊరికి వెళ్లి, ఒప్పించి, ఇండియానా స్టేట్‌కు తెచ్చిన అసిస్టెంట్ ఈ హాడ్జెసే. తాను వేసిన పంట తాను కోస్తే దాన్ని ‘వారసత్వం’ అనడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ఈ అన్యాయానికి ఒక ధర కూడా కట్టారు, అదీ డాలర్లలో. ఖర్చులు తగ్గించాలని 1991లో, కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒక నిబంధన తెచ్చింది. ఒక్కో బాస్కెట్‌బాల్ జట్టులో హెడ్ కోచ్, ఇద్దరు అసిస్టెంట్లు, వాళ్ల కింద ‘పరిమిత వేతన కోచ్’ ఒకరు. ఆ నాలుగో మనిషికి చదువుల ఏడాది మొత్తానికి 12,000 డాలర్లు, వేసవికి 4,000 మించి ఇవ్వకూడదు. హెడ్ కోచ్‌ల జీతాలకు మాత్రం ఏ పరిమితీ లేదు. యూనివర్సిటీలన్నీ కూడబలుక్కుని జీతం కట్టడి చేయడం పోటీ చట్టానికి విరుద్ధమని కోచ్‌లు కోర్టుకెక్కారు. 1995లో గెలిచారు, 1998లో అప్పీల్ కోర్టులోనూ గెలిచారు. 1999లో ఎన్‌సీఏఏ 5 కోట్ల 45 లక్షల డాలర్లకు రాజీ పడింది. ఖర్చు ఎక్కడ తగ్గించాలా అని చూసినప్పుడు అందరి చెయ్యీ ముందుగా పడింది ఆ చివరి కుర్చీ మీదే.

నింద పడేటప్పుడూ అంతే. 2017 సెప్టెంబర్ 26న న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కాలేజీ బాస్కెట్‌బాల్ లంచాల కేసు బయటపెట్టారు. అరెస్టయిన కోచ్‌లు నలుగురు: ఆబర్న్ నుంచి చక్ పర్సన్, ఓక్లహామా స్టేట్ నుంచి లమాంట్ ఎవాన్స్, అరిజోనా నుంచి ఇమాన్యుయేల్ రిచర్డ్‌సన్, సదరన్ కాలిఫోర్నియా నుంచి టోనీ బ్లాండ్. నలుగురూ అసిస్టెంట్లే. ఆటగాళ్లను ఫలానా ఏజెంట్ల వైపు తిప్పడానికి డబ్బు తీసుకున్నారన్నది అభియోగం. నలుగురూ నేరం ఒప్పుకున్నారు. ఎవాన్స్, రిచర్డ్‌సన్‌లకు మూడేసి నెలల జైలు పడింది. హెడ్ కోచ్ ఒక్కరి మీదా క్రిమినల్ కేసు లేదు. లూయివిల్‌లో రిక్ పిటీనో ఉద్యోగం పోయింది, కానీ తర్వాత అయోనాకు, అక్కడి నుంచి సెయింట్ జాన్స్‌కు కోచ్‌గా వచ్చారు.

ఆ నలుగురిని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. తప్పు చేశారు, వాళ్లే ఒప్పుకున్నారు. కానీ ఆ డబ్బు వాళ్ల దగ్గరికే ఎందుకు వచ్చిందో ఆలోచించాలి. కుర్రాడి తల్లి ఫోన్ నంబర్ ఉన్నది వాళ్ల దగ్గరే. ఏజెంట్‌కు కావాల్సిన నమ్మకం సంపాదించిపెట్టినదీ వాళ్లే. సంస్థకు అసలు విలువ ఎక్కడుందో యూనివర్సిటీలకన్నా ముందు దళారులే కనిపెట్టారు. 2023 నుంచి ఎన్‌సీఏఏ, కింది కోచ్‌ల ఉల్లంఘనలకు హెడ్ కోచ్‌నూ తప్పనిసరిగా బాధ్యుణ్ని చేస్తోంది. ఆలస్యమైనా మంచి పనే.

అదే అరిజోనాలో కథ ఇంకో మలుపు తిరిగింది. 2021లో హెడ్ కోచ్ షాన్ మిల్లర్‌ను పంపించేసి, గొంజాగా నుంచి టామీ లాయిడ్‌ను తెచ్చుకున్నారు. గొంజాగాలో మార్క్ ఫ్యూ పక్కన రెండు దశాబ్దాలు అసిస్టెంట్‌గా ఉన్న మనిషి. అంతకుముందు ఎక్కడా హెడ్ కోచ్‌గా చేయలేదు. లిథువేనియా ఆటగాడు డొమాంటస్ సబోనిస్, జపాన్ ఆటగాడు రుయి హాచిమురా గొంజాగా దాకా వచ్చారంటే ఆ వెతుకులాట ప్రధానంగా లాయిడ్‌ది. అరిజోనాలో మొదటి సీజన్‌కే 33 గెలుపులు, 4 ఓటములు, అసోసియేటెడ్ ప్రెస్ ఆ ఏటి మేటి కోచ్ అవార్డు. అదే 2021లో నార్త్ కరోలినా తన అసిస్టెంట్ హ్యూబర్ట్ డేవిస్‌కు పగ్గాలిచ్చింది. ఏడాది ముందే చెప్పి మరీ డ్యూక్ 2022లో జాన్ షెయర్‌ను కూర్చోబెట్టింది. డేవిస్ జట్టు మొదటి ఏడాదే ఫైనల్ ఆడింది. ఈ మూడు చోట్లా తొందరేమీ లేదు, తీరిగ్గా ఆలోచించే ఇచ్చారు. గాలి కాస్త మారుతోందని దీన్నిబట్టి అనుకోవచ్చు, అదీ పెద్ద యూనివర్సిటీల వరకే.

ఉండిపోవడాన్నే వృత్తిగా చేసుకున్నవాళ్లూ ఉన్నారు. కనెక్టికట్ మహిళల జట్టులో క్రిస్ డెయిలీ 1985 నుంచీ జీనో ఆరియెమా పక్కనే ఉన్నారు. 2025తో కలిపి 12 జాతీయ టైటిళ్లు. మహిళల బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2018లో ఆమెను విడిగా చేర్చుకుంది. ‘ఇంకా హెడ్ కోచ్ కాలేదేం’ అన్న ప్రశ్న ఆమె విషయంలో ఎప్పుడో పాతబడిపోయింది.

గత్రిజ్‌కు ఆ వెసులుబాటు దొరకలేదు. కుర్చీ మారగానే కొలబద్ద మారింది. రెండో ఏడాది టోర్నమెంట్ మొదటి మ్యాచ్‌లోనే వీబర్ స్టేట్ అనే చిన్న యూనివర్సిటీ చేతిలో 76-74తో ఓడిపోయారు. మూడో ఏడాది సీజన్ అంతా తడబడి 13 ఓటములతో టోర్నమెంట్‌లోకి వెళ్లేసరికి, ఆయన దిగిపోవాలని అభిమానులే గొంతెత్తారు. ఎనిమిదో సీడ్‌గా వచ్చిన ఆ జట్టు టాప్ సీడ్ స్టాన్‌ఫర్డ్‌ను పడగొట్టి మళ్లీ ఫైనల్ ఫోర్ చేరింది. మూడేళ్లలో రెండుసార్లు. ఆ వేసవిలో, 2000 జూన్ 30న, ఆయనే తప్పుకున్నారు. 80 గెలుపులు, 28 ఓటములు. రికార్డు పుస్తకంలో ఆయన పేరు ఎదురుగా ఉండేది ఈ లెక్కే. అంతకుముందు 30 ఏళ్లలో గెలిచినవన్నీ స్మిత్ ఖాతాలో ఉన్నాయి.

ఆ పదవికి రాయ్ విలియమ్స్‌ను పిలిస్తే అప్పటికి రానన్నారు. నోటర్ డామ్ నుంచి మ్యాట్ డోహర్టీ వచ్చారు, వస్తూ తన అసిస్టెంట్లను తనతోనే తెచ్చుకున్నారు. గత్రిజ్ పక్కన పనిచేసినవాళ్లకు ఉద్యోగాలు పోయాయి. వాళ్లలో ఫిల్ ఫోర్డ్ ఒకరు. అసిస్టెంట్‌గా 12 ఏళ్లు పనిచేశారు. ఆటగాడిగా ఆ యూనివర్సిటీ చరిత్రలో అప్పటికి అందరికన్నా ఎక్కువ పాయింట్లు ఆయనవే. బెంచీ మీద చోటు పోయినా, ఆయన 12వ నంబర్ జెర్సీ ఆ జట్టు ఆడే స్మిత్ సెంటర్ పైకప్పుకు వేలాడుతూనే ఉంది.