తల్లి ఇంటిపేరు చాలదా?

పెళ్లి కాని తల్లి తన బిడ్డకు తన ఇంటిపేరు పెట్టుకుంటానంటే అడ్డుపడే హక్కు ఏ అధికారికీ లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం అలాంటి బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లే. తండ్రి వంతు ఆమె తర్వాతే. 2015 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఇలాంటి ఒక కేసులో తల్లి క్రైస్తవ మహిళ. తన పొదుపు ఖాతాలకు, బీమాకు కొడుకును నామినీగా పెట్టబోతే తండ్రి పేరైనా చెప్పు, సంరక్షకత్వ ఉత్తర్వయినా తే అన్నారు. కింది కోర్టుల్లో ఆమెకు చుక్కెదురైంది. తండ్రి ఎవరో చెప్పమని ఆమెను బలవంతపెట్టరాదని, ఒంటరి తల్లి అఫిడవిట్ ఇస్తే జనన ధ్రువీకరణ పత్రం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ తీర్పు వచ్చాక కూడా కౌంటర్ దగ్గర మాట మారలేదు. 'తండ్రి పేరేంటమ్మా?', 'మ్యారేజ్ సర్టిఫికెట్ తెచ్చావా?', 'ఆయన్నొకసారి తీసుకురా, సంతకం కావాలి'. వెనక క్యూలో నిలబడ్డవాళ్లంతా వింటుండగా ఆ తల్లి జవాబు చెప్పుకోవాలి. గుమస్తాది ప్రతిసారీ దురుద్దేశమని అనలేం. తండ్రి పేరు గడి ఖాళీగా వదిలితే దరఖాస్తు ముందుకు కదలదన్నప్పుడు తప్పు ఆ ఫారం తయారుచేయించిన ప్రభుత్వానిది.

తెలుగువారికి బాగా దగ్గరైన కేసు ఒకటుంది. భర్త చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లిని, బిడ్డకు మొదటి భర్త ఇంటిపేరే తిరిగి పెట్టాలని, రెండో భర్త పేరు రాయాల్సి వస్తే సవతి తండ్రి అని రాయాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది. 2022 జులైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలా రాయించడం క్రూరమని మందలించింది. సహజ సంరక్షకురాలైన తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కుందని స్పష్టం చేసింది. వితంతువుకు వర్తించిన ఈ సూత్రం, చట్టమే మొదటి సంరక్షకురాలిగా గుర్తించిన అవివాహిత తల్లికి వర్తించదనడానికి మాకు ఏ కారణమూ కనిపించడం లేదు.

అసలు చిక్కు పేరు మార్పు దగ్గర. పుట్టినప్పుడు నమ్మకంతో తండ్రి ఇంటిపేరు రాయించి, ఆయన ముఖం చాటేశాక మార్చమంటే 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్ ఆదుకోదు. అది తప్పుగానో, మోసంతోనో రాసిన నమోదును సరిదిద్దడానికే. ఇష్టపడి రాయించింది తప్పెలా అవుతుందని రిజిస్ట్రార్ అడిగితే తల్లి దగ్గర జవాబుండదు. పైగా 2023 అక్టోబర్ నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటుకు, ప్రభుత్వ ఉద్యోగానికి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. టెన్త్ మెమోలో ఒకసారి అచ్చయిన పేరును మార్చుకోవాలంటే ఎంత తిరగాలో తిరిగినవాళ్లకే తెలుసు.

తండ్రి ఇంటిపేరు తీసేస్తే పోషణ ఖర్చు రాదేమోనని జంకే తల్లులున్నారు. ఆ భయం అక్కర్లేదు. మనోవర్తి బాధ్యత కన్నతండ్రిగా వస్తుంది, ఇంటిపేరుతో రాదు. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్‌లోనూ, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్‌లోనూ పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకూ అది దక్కుతుంది. బిడ్డను దగ్గరుండి పెంచుతున్న తండ్రి అభ్యంతరం చెబితే అది వినాల్సిందే. అలాంటి వివాదాన్ని ఫ్యామిలీ కోర్టు బిడ్డ క్షేమం చూసి, ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ల ఇష్టం కూడా అడిగి తేల్చాలి. కనిపించకుండా పోయినవాడి సంతకం కోసం మాత్రం తల్లిని తిప్పకూడదు.

పాలమూరు పల్లెల్లో, దేవుడి పేరిట అంకితమిచ్చిన జోగినుల పిల్లలు ఈ తండ్రి పేరు గడి బాధ తరాలుగా పడుతున్నారు. ఆ దురాచారాన్ని 1988లోనే చట్టం నిషేధించింది. వాళ్ల పిల్లలను తండ్రి పేరు అడగడం మాత్రం బడి మానలేదు. పాస్‌పోర్టుకు 2016 నుంచి, పాన్ కార్డుకు 2018 నుంచి తల్లి పేరొక్కటే చెల్లుతోంది. ఢిల్లీలో వీలైంది మన పంచాయతీ కార్యదర్శి దగ్గర, మున్సిపల్ ఆఫీసులో ఎందుకు వీలుకాదు?

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు తండ్రి పేరు తప్పనిసరి అనే నిబంధనను ఆన్‌లైన్ ఫారాల నుంచి తొలగించాలి. తల్లి అఫిడవిట్‌పైనే ఇంటిపేరు మార్చే అధికారం రిజిస్ట్రార్లకు వచ్చేలా నిబంధనలు సవరించాలి, అవసరమైతే కేంద్రాన్ని ఒప్పించాలి. స్కూళ్ల నుంచి ఈసారి టెన్త్ నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల జాబితాలు) కదిలేలోపే ఆ ఉత్తర్వులు ప్రధానోపాధ్యాయుల చేతికి అందాలి.