పైన బోలెడు చోటుందా?

"ఆకాశానికి అంతం లేదు. ఉపగ్రహాల చెత్త అంటూ భయపెట్టడం ఇస్రోను ఆపడానికి తెల్లవాళ్లు ఆడే నాటకం. పాతవి ఎలాగూ కాలి బూడిదవుతాయి. ఎవరికీ పైసా నష్టం లేదు." మా బంధువుల గ్రూపులో ఈ మెసేజ్ ఇప్పటికి మూడుసార్లు వచ్చింది.

ముందు చోటు సంగతి. హైదరాబాద్ కూడా పెద్ద ఊరే, అయినా అందరూ ఒకే వేళకు అమీర్‌పేట మీదుగా పోతే ఏమవుతుందో తెలుసు. పనికొచ్చే కక్ష్యలూ అలాంటివే. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద సుమారు 790 కిలోమీటర్ల ఎత్తులో అమెరికన్ ఉపగ్రహం ఇరిడియం 33ను, ఎప్పుడో మూలపడిన రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251 గుద్దింది. రాడార్‌కు అందే ముక్కలే రెండు వేల దాకా తేలాయి. అంతం లేని చోటులో ఆ రెండూ ఎలా ఎదురుపడ్డాయో ఫార్వర్డ్ చేసినవాళ్లే చెప్పాలి.

"కాలిపోతాయి" అన్నది సగం నిజం. ఎప్పుడు అన్నదే ప్రశ్న. మూడు నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులో మిగిలిన పలచని గాలి ఉపగ్రహానికి బ్రేకు వేస్తుంది. పైకి పోయేకొద్దీ ఆ బ్రేకు సడలిపోతుంది. 630 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న మన కార్టోశాట్-2ను వదిలేస్తే పడటానికి 30 ఏళ్లు పట్టేది. ఇస్రో మిగిలిన ఇంధనంతో దాన్ని 380కి దించింది కాబట్టే 2024 ఫిబ్రవరిలో హిందూ మహాసముద్రం మీద రాలింది. 867 కిలోమీటర్ల దగ్గరున్న మేఘా-ట్రోపిక్స్ అయితే వందేళ్లకు పైగా తిరిగేది. దాన్ని 2023 మార్చిలో పసిఫిక్‌లోకి దించారు. 2007లో చైనా అంత ఎత్తులోనే తన పాత ఉపగ్రహం ఫెంగ్‌యున్-1సీని పేల్చింది. ఆ ముక్కలు చాలావరకు నేటికీ తిరుగుతున్నాయి.

కాలినవీ మాయం కావు. మన తల మీది రెండో గాలిపొర స్ట్రాటోస్ఫియర్. అందులోని సల్ఫ్యూరిక్ ఆమ్ల కణాల్లో సుమారు పది శాతంలో రాకెట్లు, ఉపగ్రహాల నుంచి వచ్చిన లోహాలున్నాయని 2023లో ఒక పరిశోధన తేల్చింది. కొన్ని అసలు కాలనే కాలవు. అంతరిక్ష కేంద్రం పారేసిన సామానులోంచి ఒక లోహపు ముక్క 2024 మార్చిలో ఫ్లోరిడాలో ఒకరి ఇంటి పైకప్పు చీల్చుకుని పడింది.

తెల్లవాళ్ల నాటకమా? పైనున్న చెత్తలో ఎక్కువ భాగం రష్యా, అమెరికా, చైనాలదే, ఆ కోపం న్యాయమే. కానీ 2001లో శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ3 రాకెట్ చివరి దశ కక్ష్యలో పేలి 300కు పైగా ముక్కలైంది. 2030 నాటికి చెత్త మిగలని ప్రయోగాలే చేస్తామని ప్రకటించింది కూడా ఇస్రోనే. నాటకమైతే మనమూ పాత్రధారులమే.

ఇక పైసా లెక్క. ఉపగ్రహం పంపినవాడు లాభం తీసుకుంటాడు, పెరిగిన ప్రమాదం మాత్రం పక్కవాళ్ల నెత్తిన పడుతుంది. అందుకే ప్రతి ఉపగ్రహం మీదా ఏటా కక్ష్య రుసుము వేయాలని 2020లో ముగ్గురు ఆర్థిక పరిశోధకులు లెక్కగట్టారు. 2040కి అది ఒక్కోదానికి 2,35,000 డాలర్ల దాకా పెరిగితే, ఈ పరిశ్రమ విలువ నాలుగు రెట్లకు పైగా పెరుగుతుందట. ఇప్పటిదాకా అలాంటి రుసుము లేదు. జరిమానా మాత్రం ఒకటి పడింది. కిందికి దించలేనంత ఎత్తులో తిరిగే ఉపగ్రహాలను పనైపోయాక ఇంకా పైకి, మిగతావాటికి అడ్డు రాని చోటికి జరపాలి. అలా తన ఉపగ్రహాన్ని దాని కక్ష్య నుంచి 300 కిలోమీటర్లు పైకి జరపాల్సింది పోయి, 122 కిలోమీటర్లు జరిపి వదిలేసిన అమెరికా టీవీ కంపెనీ డిష్‌కు 2023లో అమెరికా 1,50,000 డాలర్లు వేసింది. ఆ కంపెనీకి అదో లెక్క కాదు. అయినా అంతరిక్ష చెత్త మీద అమెరికా వేసిన మొదటి జరిమానా అదే.