మినిట్స్ పుస్తకం గారికి

మహారాజశ్రీ పాలక మండలి మినిట్స్ పుస్తకం గారికి,

మన ప్రైవేటు బడి తెలుగు పండితుడు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేను క్షేమం. తమరు క్షేమమేనని వేరే అడగనక్కర లేదు, కరస్పాండెంట్ గారి ఇంటి బీరువాలో నగల పక్కన ఉంటారు కదా.

తమ పేజీల్లో నేను పదకొండేళ్లుగా ఉపాధ్యాయ ప్రతినిధినట. ఈ సంగతి నాకు మొన్ననే తెలిసింది. తనిఖీ వస్తోందని గుమాస్తా తమరిని నా ముందు పెట్టి, "పెన్సిలు గుర్తున్న చోటల్లా సంతకం చేయండి మాస్టారూ" అన్నాడు. నలభై నాలుగు గుర్తులు. ఏ ఒక్క సమావేశానికీ నేను గైర్హాజరు కాలేదు. ఒకదానిలో వందన సమర్పణ కూడా చేశాను.

సంతకాలు పెడుతూనే చదివాను. బడిని నడిపే సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులుండాలని చట్టం. అది రాసినవారు మన కరస్పాండెంట్ గారి రేషన్ కార్డు చూసే రాసి ఉంటారు. ఆయన, భార్య, ఇద్దరు కొడుకులు, కోడలు, బావమరిది, అత్తగారు: సరిగ్గా ఏడుగురు. అన్నదమ్ములు వేరుపడితే బడికి గోడ ఎక్కడ కట్టాలో తమరిలో ఇంకా తీర్మానం కాలేదు. తల్లిదండ్రుల ప్రతినిధి ఒకరున్నారు. వారి అబ్బాయి మన దగ్గర పదో తరగతి దాటి ఇంజనీరింగ్ కూడా పూర్తిచేశాడు. అసలు ఆయనైనా ఉండటం గొప్పే. 2009 విద్యాహక్కు చట్టం బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలని చెప్పి, ప్రభుత్వ ఎయిడ్ లేని ప్రైవేటు బడులను మాత్రం ఆ బాధ్యత నుంచి తప్పించింది.

నాకు బాగా నచ్చింది అద్దె తీర్మానం. బడి భవనం కరస్పాండెంట్ గారి సతీమణి పేరిట ఉంది. సొసైటీ ఆమెకు అద్దె కడుతుంది. అద్దె పెంచాలని ప్రతిపాదించింది ఆమె, బలపరిచింది పెద్దకొడుకు. "సుదీర్ఘంగా చర్చించిన మీదట ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఆ చర్చ ఇడ్లీల దగ్గర మొదలై కాఫీ దగ్గర ముగిసి ఉంటుందని నా ఊహ. ఏకగ్రీవ పంచాయతీలకు ఇచ్చే నజరానా తమరికీ ఇవ్వాలి.

1994 నాటి జీవో నంబరు 1 ప్రకారం ఫీజు రాబడిలో సగం సిబ్బంది జీతాలకు, అయిదు శాతం యాజమాన్యానికి. తమ లెక్క పైసా తేడా లేకుండా అంతే ఉంది. ఆ అయిదు శాతంతోనే మూడంతస్తుల మేడ కట్టిన పొదుపును పదో తరగతి గణితంలో పాఠంగా పెట్టవచ్చు. కరోనాలో సిబ్బందికి పూర్తి వేతనం చెల్లించినట్టు కూడా తమరు రాసుకున్నారు. 2021లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు ఇచ్చిన 2,000 రూపాయలకు, 25 కిలోల బియ్యానికి పేరు రాయించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. పూర్తి వేతనం అందుకుంటున్న మనిషికి ఆ బియ్యం సంచితో ఏమి పనో తమరే చెప్పాలి.

ఒక్కచోట మాత్రం కలం ఆగింది. "మంటలార్పే సిలిండర్లు కొనుటకు తీర్మానించడమైనది." ఈ వాక్యం పదకొండు జూన్ నెలల్లో పదకొండు సార్లు, కామా కూడా మారకుండా ఉంది. 2004 జులై 16న కుంభకోణంలో ఒక బడి కాలి 94 మంది పిల్లలు పోయారు. బడుల్లో మంటలార్పే పరికరాలు ఉండి తీరాలని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. మన మూడో అంతస్తులో ఎల్‌కేజీ పిల్లలుంటారు, మెట్ల దారి ఒక్కటే. తనిఖీ రోజున గోడకు రెండు ఎర్ర సిలిండర్లు వేలాడాయి. మర్నాడు మేకులే మిగిలాయి.

వచ్చిన అధికారి తమరిని తిరగేసి, దస్తూరీ ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నారు.

ఇంకొక్క మనవి. ఈ ఏప్రిల్‌తో నన్ను మానిపించారు. కానీ వచ్చే జూన్ సమావేశం తమరిలో అప్పుడే రాసి ఉంది, నేను హాజరైనట్టు, మాట్లాడినట్టు కూడా. ఏమి మాట్లాడానో చదవబోతే గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. వీలు చూసుకుని తెలియజేయగలరు.

ఇట్లు,
తమ పేజీల్లో సదా హాజరుగా ఉండే
తెలుగు పండితుడు