‘మొదటి’ అనే ముందు ఏది మొదటిదో తేలాలి

సినిమా పిచ్చి ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే చాలు, ‘మొదటి’ అనే మాట వచ్చేస్తుంది. తొలి టాకీ (మాటలు వినిపించే సినిమా), తొలి కలర్, తొలి స్కోప్ (వెడల్పాటి బొమ్మ), తొలి 70 ఎం.ఎం. ఈ కబుర్లను కాలక్షేపం కింద కొట్టిపారేయలేం. మన పాత సినిమాల్లో చాలావాటికి ప్రింట్లే మిగల్లేదు. వాటి చరిత్ర ఎక్కువగా ఇలా నోటి మాటలోనే నిలబడి ఉంది. ఆ మాట తప్పితే సరిచేయడానికి తరాలు పడుతుంది.

‘భక్త ప్రహ్లాద’ సంగతే చూడండి. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఈ తొలి తెలుగు టాకీ 1931 సెప్టెంబర్ 15న వచ్చిందని దశాబ్దాల పాటు పుస్తకాలు రాశాయి, క్విజ్‌లు అడిగాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి కాగితాలు తిరగేసి ఆ లెక్క మార్చారు. సినిమాకి బొంబాయిలో సెన్సార్ అయింది 1932 జనవరి 22న. అక్కడి కృష్ణా థియేటర్‌లో విడుదలైంది ఫిబ్రవరి 6న. ఈ రెండిట్లో అసలు బలం సెన్సార్ తేదీదే. 1918 నాటి చట్టం ప్రకారం సర్టిఫికెట్ లేని బొమ్మను జనానికి చూపించడానికి వీల్లేదు. జనవరిలో సెన్సారైన సినిమా అంతకుముందు సెప్టెంబర్‌లో ఆడే అవకాశమే లేదు. పాత తేదీని ఎన్ని పుస్తకాలు అచ్చేసినా ఆ ఒక్క కాగితం ముందు నిలవవు.

తేదీ మారడంతో వరస కూడా మారింది. అదే హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘కాళిదాస్’ 1931 అక్టోబర్ 31న మద్రాసులో విడుదలైంది. తొలి తమిళ టాకీగా లెక్కించే ఆ సినిమాలో తెలుగు కూడా వినిపించింది. కాబట్టి ‘తొలి పూర్తి తెలుగు టాకీ ఏది?’ అంటే ‘భక్త ప్రహ్లాద’. ‘తెర మీద తెలుగు అంతకుముందే వినపడిందా?’ అంటే అవును, ‘కాళిదాస్’లో. ప్రశ్నలు రెండు, జవాబులు రెండు. వాటిని ఒకటిగా కలిపేసుకోవడం వల్లే గొడవంతా.

రంగుల విషయంలో చిక్కు వేరు. తొలి పూర్తి రంగుల తెలుగు చిత్రం 1963లో వచ్చిన ‘లవకుశ’. ‘1957 నాటి మాయాబజార్ రంగుల్లోనే చూశాం కదా’ అని కుర్రాళ్లు అడుగుతుంటారు. వాళ్లు చూసింది 2010లో హైదరాబాద్‌లో కంప్యూటర్ మీద రంగులద్ది, స్కోప్‌కి మార్చి విడుదల చేసిన ప్రతి. ఆ సినిమా కెమెరామన్ మార్కస్ బార్ట్లే తీసింది నలుపు తెలుపుల్లో, దాదాపు చదరంగా ఉండే ఫ్రేమ్‌లో. అలాంటి బొమ్మను సాగదీయకుండా ఎత్తుకి 2.35 రెట్లు వెడల్పుండే స్కోప్ తెరంతా నింపాలంటే పైనా కిందా కలిపి ఎత్తులో 40 శాతానికి మించి కోత పడాల్సిందే. ‘లాహిరి లాహిరి’లో వెన్నెలకీ నీళ్లకీ ఆయన ఎంత చోటు వదిలాడో తెలియాలంటే నలుపు తెలుపు ప్రతే చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువ అయోమయం ఎం.ఎం. దగ్గర. 35, 70 అనేవి తెర సైజులు కావు, ఫిల్మ్ వెడల్పులు. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ తొలి తెలుగు సినిమాస్కోప్. స్కోప్ అంటే 35 ఎం.ఎం. ఫిల్మే. కెమెరాకి తగిలించిన లెన్స్ బొమ్మను అడ్డంగా సగానికి నొక్కుతుంది, ప్రొజెక్టర్ లెన్స్ దాన్ని మళ్లీ విప్పుతుంది. ఆ రెండో లెన్స్ పెట్టడం మర్చిపోతే తెర మీద అందరూ సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు.

70 ఎం.ఎం. వేరే పద్ధతి. కెమెరాలో తిరిగే నెగెటివ్ 65 ఎం.ఎం. ఉంటుంది. ప్రింట్‌లో అదనంగా వచ్చే 5 ఎం.ఎం. సౌండ్ ట్రాక్‌ల కోసం. ఆరు ట్రాక్‌ల శబ్దం వచ్చేది అందుకే. 35లో తీసి 70కి పెద్దది చేయడం కూడా మామూలే. 1975 నాటి ‘షోలే’ అలా వచ్చిందే. అందుకని 1986 నాటి ‘సింహాసనం’ గురించి చెప్పేటప్పుడు ‘70 ఎం.ఎం.లో విడుదలైన తొలి తెలుగు సినిమా’ అంటే మాట గట్టిగా నిలుస్తుంది. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో థియేటర్లకి సుదర్శన్ 35 ఎం.ఎం., సంధ్య 70 ఎం.ఎం. అన్న పేర్లు ఇప్పటికీ ఉన్నాయి, కానీ లోపల తిరిగే ఫిల్మ్ లేదు, అంతా డిజిటలే.

ఇలాంటి ‘మొదటి’ల మీద పందెం వేసే ముందు చూసుకోవాల్సిన ఆధారాల్లో కూడా లోపాలుంటాయి. పాటల పుస్తకం విడుదలకు ముందే అచ్చవుతుంది. తర్వాత కోసేసిన పాట కూడా అందులో ఉంటుంది. సెన్సార్ తేదీ విడుదల తేదీ కాదు. అది ‘ఇంతకుముందు కాదు’ అని మాత్రమే చెబుతుంది. విడుదల రోజుకి ఆ వారం పేపర్ ప్రకటనే గట్టి సాక్ష్యం.

నిడివి దగ్గరా ఇంతే. 35 ఎం.ఎం. టాకీ నిమిషానికి 90 అడుగులు తిరుగుతుంది. ‘భక్త ప్రహ్లాద’ 9,762 అడుగులంటే 108 నిమిషాల పైచిలుకు. అదే లెక్క టీవీ కాపీకి, డీవీడీకి కడితే తేడా వస్తుంది. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమాని మన టీవీ పద్ధతిలో 25 ఫ్రేములతో నడుపుతారు. మూడు గంటల సినిమా ఒక్క ముక్క పోకుండానే ఏడు నిమిషాల ముందు అయిపోతుంది. ‘సీన్లు కట్ చేశారు’ అనే ముందు నిమిషాలను 25తో గుణించి 24తో భాగించి చూడండి.