తేమ మీటర్‌కు ఆడా మగా తెలియదు
మగ బాసే కావాలన్న ఇష్టం మెదడులోనే ఉంటుందని, స్కాన్‌లో కనబడుతుందని ఒక వ్యాసంలో రాశారు. నాకు నమ్మకం కుదరలేదు. అమెరికాలో సర్వేలు చేసే గాలప్ సంస్థ 1953లో అడిగితే 66 శాతం మంది మగ బాసే కావాలన్నారు, 2017కు వచ్చేసరికి అది 23 శాతమే. ఇంతలోనే మెదళ్లు మారిపోయాయా? పైగా 2009లో చచ్చిన సాల్మన్ చేపను, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్ అయిన ఎఫ్‌ఎంఆర్‌ఐలో పెట్టి, లెక్క సరిచూడకపోతే దాని మెదడు కూడా పనిచేస్తున్నట్టే కనబడుతుందని పరిశోధకులే చూపించారు. అలాంటి బొమ్మలు పట్టుకుని రేపు కంపెనీలు ఉద్యోగుల తలల్లోకి తొంగిచూస్తామంటే, ప్రమోషన్ పోతుందన్న భయంతో పెట్టే సంతకం సమ్మతి ఎలా అవుతుంది? మాది మిర్యాలగూడ. నేను లెక్కలు రాసే రైస్ మిల్లుకు ఐదేళ్ల కింద ఒక మేడం మేనేజర్‌గా వచ్చారు. కొనుగోలు కేంద్రాల నుంచి వచ్చే వడ్లలో తేమ 17 శాతం దాటితే లారీ దించనిచ్చేవారు కాదు. 'ఇంత చాదస్తమేందిరా' అని హమాలీలతో పాటు నేనూ గొణిగినవాణ్ణే. అంతకుముందున్న సారూ అదే చేసేవాడు, ఆయన్ను మాత్రం 'స్ట్రిక్ట్' అనేవాళ్లం. ఇప్పుడు సీజన్‌లో ఆమె ఒక్కరోజు సెలవు పెడితే మాకే టెన్షన్.