ఎలుకల ప్రయోగం నిజమే, ఒక్క ఎక్స్‌రేతో అవకరం అన్నది అబద్ధం

"గర్భంతో ఉండగా ఒక్క ఎక్స్‌రే తీయించుకున్నా బిడ్డ అవకరంతో పుడుతుంది. ఇది ఎలుకల్లో రుజువైంది. మొదటి రోజుల్లో అయితే అవకరం ఖాయం. అల్ట్రాసౌండ్ కూడా రేడియేషనే." ఈ మెసేజ్ చదివి ఎందరో గర్భిణులు టెన్షన్ పడుతున్నారు.

ఎలుకల్లో రుజువైన మాట నిజం. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో లియాన్ రసెల్ అనే శాస్త్రవేత్త, చూలు చుంచెలుకలకు ఏ రోజు ఎక్స్‌కిరణాలు ఇస్తే ఏ అవయవం దెబ్బతింటుందో గమనించి 1950లో ప్రచురించారు. మెసేజ్ దాచిపెట్టింది డోసును. ఆమె ఇచ్చినవి వందల రాంట్‌జెన్‌లు (అప్పటి కొలత), అంటే శరీరానికి తగిలే రేడియేషన్‌ను ఇప్పుడు కొలిచే మిల్లీగ్రేల్లో సుమారు 1000, ఆపైన. తల్లికి ఛాతీ ఎక్స్‌రే తీస్తే గర్భంలోని పిండానికి చేరేది 0.01 మిల్లీగ్రే కూడా ఉండదు. నేల నుంచి, ఆకాశం నుంచి సహజంగా వచ్చే రేడియేషనే తొమ్మిది నెలల్లో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. కటి భాగం సీటీ స్కాన్‌కి కూడా పిండానికి సగటున చేరేది 25 మిల్లీగ్రేలు. అవకరాలు సుమారు 100 మిల్లీగ్రేలు దాటితేనే అని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ తేల్చింది. జంతువుల ఫలితాలన్నీ చూశాకే ఆ మాట చెప్పింది.

ఇక మొదటి రోజుల సంగతి. పిండం గర్భాశయానికి అంటుకోకముందు పెద్ద డోసు తగిలితే ఎలుకల్లో అది చనిపోయేది, బతికితే చాలావరకు మామూలుగానే ఎదిగేది. అవకరాలు ఎక్కువగా కనిపించింది ఆ తర్వాత, అవయవాలు ఏర్పడే దశలో.

అల్ట్రాసౌండ్‌లో ఉండేవి ధ్వని తరంగాలు. ఎక్స్‌రేలో ఉండే రేడియేషన్ అందులో లేదు.

క్యాన్సర్ విషయం వేరు, అక్కడ జాగ్రత్త అవసరం. గర్భంలో ఉండగా సుమారు 10 మిల్లీగ్రేలు తగిలిన పిల్లల్లో క్యాన్సర్ ముప్పు దాదాపు 40 శాతం పెరుగుతుందని ఇంగ్లండ్‌లో ఆలిస్ స్టీవర్ట్ అనే వైద్యురాలు మొదలుపెట్టిన అధ్యయనాలు సూచించాయి. చిన్నపిల్లల్లో క్యాన్సర్ అరుదు కాబట్టి, దానివల్ల అదనంగా వచ్చేది వేలమందిలో ఏ ఒకరిద్దరికో. అయినా అవసరం లేని ఎక్స్‌రే వద్దనడానికి ఆ కారణం చాలు.

భయం చేసే నష్టం మాత్రం చిన్నది కాదు. 1986లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత గ్రీసులో, అక్కడ చేరిన డోసు 1 మిల్లీసీవర్ట్ (ఇక్కడ ఇంచుమించు 1 మిల్లీగ్రేకు సమానం) లోపే అయినా, ఎందరో తల్లులు కావాలనుకున్న గర్భాలనే తీయించుకున్నారు.

క్షయ అనుమానంతో డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే రాస్తే, గర్భం సంగతి ముందే చెప్పి తీయించుకోండి. తెలియక సీటీ తీయించుకుని ఉంటే, గర్భం గురించి ఏ నిర్ణయమూ తీసుకోకముందే పిండానికి ఎంత డోసు చేరిందో లెక్కగట్టి చెప్పమని రేడియాలజిస్టును అడగండి.